ఎవరి ఆదాయం?

సినిమా పరిశ్రమ మద్రాసు నుంచి హైదరాబాదుకు తరలిరావాలని ప్రభుత్వం స్టూడియోలకు స్థలాలిచ్చింది. నగరానికి ఆదాయం వస్తుందన్నారు, వచ్చింది. జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ పెరిగాయి. పక్కనున్న బోరబండ నుంచి ఆడవాళ్లు ఆ ఇళ్లల్లో పనికి వెళ్తున్నారు.

అందుకే, కళావేదికలకు ప్రజాధనం ఎందుకంటే ‘ఆర్థికాభివృద్ధికి’ అనే జవాబు నాకు చాలడం లేదు. ఆ లెక్కలో టికెట్టు, హోటలు, భూమి ధర ఉంటాయి. అంట్లు తోమి వచ్చాక నాటకం వెయ్యాలనుకునే స్త్రీ ఉండదు.

సురభిని చూడండి. 1885లో కడప జిల్లాలో పుట్టిన ఈ నాటక సమాజంలో, మగవాళ్లే ఆడవేషాలు కట్టే రోజుల్లోనే స్త్రీలు రంగస్థలమెక్కారు. అది కుటుంబాల నాటకం కాబట్టి పిల్లల్ని ఎక్కడ వదలాలన్న ప్రశ్న వాళ్లను ఆపలేదు. బోరబండలో ఎంఎంటీఎస్ ఎక్కితే వచ్చే లింగంపల్లి దగ్గరే సురభి కాలనీ ఉంది.

ఆదాయం వద్దని నేననను. నటి చేతికి కూలి అందడమూ ఆదాయమే. కానీ బస్తీలో నడిచివెళ్లేంత దూరంలో చిన్న హాలు, తక్కువ అద్దె, పిల్లల్ని ఉంచే గది, శుభ్రమైన మరుగుదొడ్డి కావాలి. ఎంత మిగిలిందని కాక, ఎంతమంది ఆడవాళ్లు వేదికెక్కారని దాన్ని లెక్కగట్టాలి. వాళ్లు లేని నగరం బాగుపడిందని ఎలా అంటాం?