గురి తప్పినప్పుడు తప్పు ఎవరిది?



నిన్నటిదాకా పసుపు వలయంలో పడిన బాణాలు ఈరోజు ఎరుపులోకి, నీలంలోకి పోతున్నాయి. విల్లు అదే, చేయి అదే. వారం గడిచినా, నెల గడిచినా గురి కుదరదు. విలువిద్య నేర్చేవాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఈ దశ వస్తుంది. అప్పుడు చుట్టూ ఉన్నవాళ్లు ఏమంటారో మీకు తెలుసు. "దిష్టి తగిలిందప్పా" అంటారు ఒకరు. "టైం బాగలేదు, జాతకం చూపించు" అంటారు ఇంకొకరు. "వీళ్లకు అంతవరకే వస్తుందిలే" అని మన పుట్టుకను గుర్తుచేసేవాళ్లూ ఉంటారు. ఈ మూడో మాట మనకు కొత్త కాదు.

మీ ఇంట్లో విల్లు పట్టే పిల్లలు ఉండకపోవచ్చు. హిందూపురంలో పోలీసు ఎంపికకు పరుగెత్తే కుర్రాడో, పెనుకొండలో పోటీ పరీక్షలకు చదివే అమ్మాయో ఉండొచ్చు. వాళ్లకూ ఇదే ప్రశ్న ఎదురవుతుంది. బాగా వచ్చిన పని చెడిపోయినప్పుడు తప్పును ఎక్కడ పెట్టాలి? విధి మీదా, పుట్టుక మీదా, మన మీదా?

బుద్ధుడు చెప్పిన పటిచ్చ సముప్పాదం దీనికి దారి చూపుతుంది. కారణం లేకుండా ఏదీ పుట్టదు, కారణం పోతే దాని ఫలితమూ పోతుంది. పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ ఉంది కదా. అక్కడ ఒక భాగం సరిగా కూర్చోకపోతే లోపం ఎక్కడుందో వెతుకుతారు గానీ కారుకు జాతకం చూడరు. బాణానికైనా అంతే. శక్తికి మించిన బరువు విల్లు పట్టి ఉండొచ్చు. భుజం అలసి ఉండొచ్చు. నారి అరిగి ఉండొచ్చు. లేదా మనసులో భయం చేరి ఉండొచ్చు. గురి కుదిరీ కుదరకముందే వేళ్లు బాణం వదిలేస్తాయి, లేదా ఎంతకీ వదలవు. విలుకాళ్లకు ఇది బాగా తెలిసిన ఇబ్బంది. దీన్నే టార్గెట్ ప్యానిక్ అంటారు.

ఇప్పుడు మన రాష్ట్రంలోనే జరిగిన ఒక సంగతి చూడండి. విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ కాంపౌండ్ విల్లుతో 50 మీటర్ల దూరం నుంచి గురి పెడుతుంది. ఒక పోటీలో 15 బాణాలు, మొత్తం 150 పాయింట్లు. 2022లో మెక్సికోలో జరిగిన ప్రపంచ కప్ ఫైనల్‌లో ఆమె మొదటి రౌండ్‌లోనే ఓడిపోయింది. 2023 సెప్టెంబరులో, మళ్లీ మెక్సికోలోనే, మళ్లీ మొదటి రౌండ్‌లోనే వెనుదిరిగింది. ఆ తర్వాత నెల తిరిగేలోగా హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు గెలిచింది. 2025లో ప్రపంచ కప్ ఫైనల్‌కు మూడోసారి వెళ్లింది. చైనాలోని నాన్‌జింగ్‌లో సెమీఫైనల్ ఓడినా, కాంస్యం కోసం జరిగిన పోటీలో 15 బాణాలకూ పదికి పది కొట్టి 150 పాయింట్లు తెచ్చుకుంది. ఓడిన చేయే గెలిచింది. మొదటి రౌండ్‌లో పోయిన రోజున ఎవరైనా ఆమె విలువ తేల్చేసి ఉంటే ఎంత పొరపాటయ్యేది!

సంయుత్త నికాయంలోని సల్ల సూత్రంలో బుద్ధుడు రెండు బాణాల మాట చెప్పాడు. ఒంటికి తగిలిన బాధ మొదటి బాణం. దాని మీద పెంచుకునే ఏడుపు, కుములుబాటు రెండో బాణం. మొదటిది అందరికీ తగులుతుంది. తెలిసినవాడు రెండోదాన్ని గుచ్చుకోడు. బాణం పసుపు దాటి నీలంలో పడడం మొదటిది. "నేను పనికిరాను, మా వాళ్ల పేరు చెడగొట్టాను" అనుకోవడం రెండోది. మన పిల్లలకు ఈ రెండోది మరింత లోతుగా దిగుతుంది. వేరే పిల్లవాడు ఓడితే వాడొక్కడే ఓడతాడు. మన పిల్లవాడు ఓడితే పేట మొత్తం ఓడినట్టు లోకం మాట్లాడుతుంది, వాడూ అదే నమ్ముతాడు.

అయితే మరింత కష్టపడితే సరిపోతుందా? అంగుత్తర నికాయంలో సోణుడి కథ ఉంది. పాదాలు పగిలి నెత్తురు కారేలా నడిచి సాధన చేసినా ఆయనకు ఫలితం దక్కలేదు. ఇక ఇంటికి పోదామనుకున్నాడు. ఆయన ఒకప్పుడు వీణ వాయించినవాడు. తీగ మరీ బిగించినా, మరీ వదిలినా వీణ పలుకుతుందా అని బుద్ధుడు అడిగాడు. ధర్మవరం మగ్గాల దగ్గర పెరిగినవాళ్లకు ఈ మాట విడమరచి చెప్పనక్కర్లేదు. పడుగు మరీ బిగిస్తే పట్టుపోగు తెగుతుంది, వదులైతే నేత చెడుతుంది. పోగు తెగితే నేతగాడు మగ్గాన్ని తిట్టడు. ఆగి, తెగిన కొన వెతికి, అతికి, మళ్లీ నేస్తాడు.

మంచి శిక్షకులు చేయించేదీ ఇదే. గురి పోయినవాణ్ణి రోజుకు వందల బాణాలు అదనంగా వేయమనరు. తేలిక విల్లు ఇస్తారు. నాలుగైదు అడుగుల దూరంలో, వలయాలేమీ లేని దిమ్మె ముందు నిలబెడతారు. ఒక్కోసారి కళ్లు మూసుకుని వేయమంటారు. పాదాలు ఎలా ఉన్నాయి, భుజం ఎక్కడుంది, నారి గడ్డానికి ఎక్కడ ఆనింది, వేళ్లు ఎలా వదిలాయి అన్నదే చూడమంటారు. పాయింట్ల లెక్క ఉండదు. అష్టాంగ మార్గంలోని సమ్యక్ వ్యాయామం, సమ్యక్ స్మృతి అంటే మనకు అర్థమయ్యేలా ఇదే.

"మైదానం లేదు, విల్లు కొనే డబ్బు లేదు, మీరేమో మనసు మాటలు చెబుతున్నారే" అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. డబ్బు లేకపోవడమూ కారణమే, వివక్షా కారణమే. వాటిని మనసు లోపంగా చెబితే అది మోసం. బాబాసాహెబ్ బయటి గోడలను పేరుపెట్టి చూపించారు, లోపలి శీలాన్నీ పెంచుకోమన్నారు. సమ్యక్ దృష్టి అంటే ఉన్న కారణాన్ని ఉన్నచోట చూడడం. మైదానం లేకపోతే అధికారిని అడగాలి. భుజం వంగితే భుజం సరిచేసుకోవాలి. ఒకదాని చాటున రెండోదాన్ని దాచకూడదు.

ఏకలవ్యుడి కథ మనందరికీ తెలుసు. అతని గురి తప్పలేదు. బొటనవేలు అడిగి కోయించారు. ఒలింపిక్స్‌లో వాడే రికర్వ్ విల్లు నారిని ఈనాడు మూడు వేళ్లతో లాగుతారు, బొటనవేలితో పనే లేదు. వేలు అడిగే గురువులు పోయినా, ఒక్క ఓటమికే మన నమ్మకాన్ని మనమే కోసి ఇచ్చే అలవాటు మిగిలింది. మనం మానుకోవాల్సిన గురుదక్షిణ అదే.

ఈసారి మీ బిడ్డ ఓడి ఇంటికొస్తే "ఎన్నొచ్చాయి?" అని మొదటే అడగకండి. అన్నం పెట్టండి. తర్వాత పక్కన కూర్చుని "ఎక్కడ తేడా కొట్టింది నాయనా, చూద్దాం రా" అనండి. తాయెత్తు కట్టకండి, తిట్టకండి. కారణం దొరికేదాకా ఓపికగా వెతకండి. బుద్ధ వందనం చేసే ఇంట్లో పిల్లలకు దొరకాల్సిన ధైర్యం అదే.

భవతు సబ్బ మంగళం. జై భీమ్! నమో బుద్ధాయ!