ఊరకే వచ్చిన మాత్ర ఎవరిది?

మీ ఇంట్లో మందుల డబ్బా ఒకసారి తెరచి చూడండి. గడువు తీరిన మాత్రల అట్టలు ఎన్ని?

ఇంగ్లండులో 60 ఏళ్లు నిండితే మందులకు రుసుము లేదు. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2024 అక్టోబరు నుండి 70 దాటిన వారికి, ఆదాయం అడగకుండానే, కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయల దాకా ఆసుపత్రి చికిత్స ఇస్తోంది. మంచిదే. ధ్రువపత్రాల కోసం ముసలివాళ్లను ఆఫీసుల చుట్టూ తిప్పడం కంటే నయం. కాని సర్కారు అడగని ప్రశ్న మనల్ని మనమే అడుగుకోవాలి కదా!

నందిగామ, జగ్గయ్యపేట పొలాల్లో మిరపకాయలు కోసే తల్లి నడుము వంగడానికి 70 దాకా ఆగదు. పింఛను, పొలం ఉన్న మనం "ఎలాగూ ఊరకేగా" అని ప్రభుత్వాసుపత్రి నుండి తెచ్చి డబ్బాలో పడేసిన అట్ట ఉందే, వరుసలో ఆమె వంతు వచ్చేసరికి "స్టాకు లేదమ్మా" అంటే, అది ఎవరి మందు?