పడవకు పిట్టగోడ

ధ్యానభాగము: ద్వితీయోపదేశకాండము 22:8

ఇంటి మిద్దెకు పిట్టగోడ కట్టవలెనని మోషే ధర్మశాస్త్రము విధించెను. మనలను నమ్మి వచ్చినవారి ప్రాణమునకు మనమే ఉత్తరవాదులమని దాని భావము.

అమెరికాలో సరస్సుల దాపున నివసించు మన కుటుంబములు విహారమునకై వాడిన పాంటూన్ పడవను కొనబోవునప్పుడును ఈ విధి వర్తించును. రెండు పడవలున్నవనుకొందము. ఒకటి పెద్దది, చవకైనది, ఆసనములు క్రొత్తవి. అయితే దానిని తేల్చు అల్యూమినియం గొట్టములలో ఒకదానిలో నీరు చేరి, ఒక ప్రక్కకు ఒరిగియున్నది. రెండవది చిన్నది, రంగు వెలిసినది, ఎనిమిదిమందికే చాలును. గొట్టములు మాత్రము గట్టివి.

పెద్దదానిలో పొరుగువారినికూడ పిలువవచ్చును, ఆతిథ్యము క్రైస్తవధర్మమే గదా యని మన మనస్సు వాదించును. ఈ వాదము తేలికైనది కాదు. కాని పిలువబడినవారు నీటిలోని గొట్టమును చూడరు; మన ముఖము చూచి యెక్కుదురు. మన గోదావరియే దీనికి సాక్షి: 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు యొద్ద విహారపు బోటు మునిగి అనేకులు చనిపోయిరి. వారును నడుపువారిని నమ్మియే యెక్కిరి.

దేవుడు కాపాడునులే యని లోపమును ఉపేక్షించుట విశ్వాసము కాదు; దేవాలయ శిఖరముమీద శోధకుడు ప్రభువును కోరినది అదియే.

కాబట్టి ప్రియులారా, చిన్న పడవనే కొందము. బిడ్డలకు లైఫ్ జాకెట్లు తొడిగి, రెండు మారులు తిరుగుదము. పొరుగువారిని ముందు ఎక్కించి మనము ఒడ్డున కాచుకొనియుండుటయు ఆతిథ్యమే.