మడత కుట్టు

ఈ ఉగాదికి మా అమ్మాయి పట్టుపరికిణీకి రెండో మడత విప్పాను. మూడేళ్ళ కిందట తెనాలిలో కుట్టించినది. అప్పుడు అమ్మాయికి అయిదేళ్ళు. అంచుకు పైన, లోపలివైపు మూడు మడతలు వేసి కుట్టమని అమ్మ దర్జీకి చెప్పింది. "ఈ రోజుల్లో ఎవరు పెట్టించుకుంటున్నారమ్మా, ఏడాది తిరిగేసరికి కొత్తది కొంటారు గదా" అన్నాడాయన. అమ్మ ఆ మాట పట్టించుకోలేదు. "ఒక్కో మడతలో రెండంగుళాల గుడ్డ పోవాలి. జాకెట్టుకు రెండు పక్కలా లోపల అంగుళంన్నర వదులు. నడుముకు నాడా పెట్టు, హుక్కు వద్దు" అంది. ఆ నాలుగు మాటలతో మా అమ్మాయికి పదేళ్ళు వచ్చేదాకా పండుగ బట్ట కుదిరిపోయింది.

మొన్న ఆ పరికిణీలో పిల్ల ఉగాది వేడుక హాల్లోకి నడిచి వస్తుంటే ఇద్దరు ముగ్గురు "కొత్తదా?" అని అడిగారు. ఒంటికి సరిపోయిన బట్ట, మరక లేని బట్ట, ఎన్నేళ్ళదైనా కొత్తదానిలాగే కనిపిస్తుంది. పరదేశంలో మన విలువలు అనగానే భాష, పండుగలు, పాటల క్లాసులు గుర్తుకొస్తాయి. ఉన్న నాలుగు బట్టలను చూసుకునే తీరు కూడా మనం మూట కట్టుకుని తెచ్చుకోవలసిందేనని నాకు ఆలస్యంగా తెలిసింది.

నేను పెళ్ళయి న్యూజెర్సీ వచ్చిన రెండో ఏడు అమ్మాయి పుట్టింది. నాది హెచ్-4, అంటే భర్త ఉద్యోగ వీసా మీద ఆధారపడిన వీసా. 2015 నుంచి హెచ్-4 మీద ఉన్నవాళ్ళలో కొందరికి పని చేసుకునే అనుమతి ఇస్తున్నారు గానీ, దానికి సాధారణంగా భర్త గ్రీన్‌కార్డు కోసం వేసే ఐ-140 అర్జీ ఆమోదం పొంది ఉండాలి. మాకది అప్పటికి కాలేదు. ఒక్క జీతం, అద్దె, ఊళ్ళో తీర్చాల్సిన చదువు అప్పు. నాకంటూ ఏదైనా కొందామనుకుంటే వెంటనే డాలర్లను రూపాయల్లోకి మార్చి చూసుకుని, తిరిగి అక్కడే పెట్టేసి వచ్చేదాన్ని. కొనకపోవడంలో తప్పేమీ లేదు. నా తప్పు ఇంకొకటి: ఉన్నవాటిని చూసుకోవడం కూడా మానేశాను. పాలు కక్కిన టీషర్టు, మోకాళ్ళ దగ్గర సాగిపోయిన ప్యాంటు, రెండు రోజుల కిందట వేసిన ముడి. ఎవరొస్తారు, ఎవరు చూస్తారు అనుకునేదాన్ని.

రోజూ పొద్దున్నే వీడియోలో అమ్మ. అక్కడ సాయంత్రం. మొదట పిల్ల పాలు తాగిందా అని, ఆ వెంటనే "తల దువ్వుకున్నావా అమ్మాయ్?" అని అడిగేది. ఒకరోజు కోపం ఆపుకోలేక "రాత్రంతా నిద్ర లేదమ్మా, తల దువ్వుకునే తీరిక నాకెక్కడిది" అని అరిచాను. అమ్మ కాసేపు ఊరుకుని, "నాకు మాత్రం ఉండేదా" అంది. నిష్ఠూరం లేదు ఆ గొంతులో. ఆ పూటంతా ఆ మాటే నా చెవుల్లో ఉంది.

అమ్మ ప్రాథమిక పాఠశాలలో టీచరు. ఇద్దరు పిల్లలం, మంచం పట్టిన నాయనమ్మ, ఏడింటికల్లా బస్సు. బడికి కట్టుకునే నూలు చీరలు అయిదంటే అయిదు. ఖరీదైనది ఒక్కటీ లేదు. ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో గంజి పని. అన్నం వార్చిన గంజిని పలచని గుడ్డలో వడగట్టి, నీళ్ళు కలిపి, ఉతికిన చీరను అందులో ముంచి పిండేది. నేనొక కొస, ఆమె ఒక కొస పట్టుకుని దులిపేవాళ్ళం. నీడలో ఆరేసి, కాస్త తడి ఉండగానే తీసి, అంచుకు అంచు కలిపి మడిచి పరుపు కింద పెట్టేది. సోమవారం పొద్దున తీస్తే ఇస్త్రీ చేసినట్టే ఉండేది. కుచ్చిళ్ళు ఒకే వెడల్పున పడేవి. పైటకు ఒక్క పిన్నీసు. జడ, అందులో దొడ్లో పూసింది ఏదుంటే అది. బస్సులో గంట నిలబడి వెళ్ళినా ఆమె బడి గుమ్మంలో అడుగుపెట్టేటప్పుడు చూస్తే నాకు గర్వంగా ఉండేది. ఆ గర్వం ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు ఆలోచించలేదు. మా అమ్మ తనను తాను తక్కువగా చూసుకోలేదు. అందుకని మేమూ ఎవరూ ఆమెను తక్కువగా చూడలేదు.

నేను మొదలుపెట్టింది చిన్న పనితోనే. రాత్రి పిల్ల పడుకున్నాక మర్నాటి బట్టలు, నావీ దానివీ, కుర్చీ మీద తీసిపెట్టడం. బొత్తాం ఊడిందా, మరక ఉందా అప్పుడే కనిపిస్తుంది; పొద్దున ఏడున్నరకు కనిపిస్తే ఏమీ చేయలేం. తరువాత డ్రయ్యర్‌లో వేసేవి తగ్గించాను. ఒకరోజు జల్లెడలో చేరిన నూగును చేతిలోకి తీసుకుని చూస్తే, అది మా బట్టల్లోంచి ఊడిందే. గాలికి ఆరే చీర నుంచి అంత నూగు రాలగా నేనెప్పుడూ చూడలేదు. ఇప్పుడు కుర్తాలు, మంచి చొక్కాలు, నూలు చీరలు అన్నీ స్నానాల గదిలో తీగ మీద ఆరతాయి. చలికాలంలో వేడి గాలికి పొద్దుటికల్లా ఆరిపోతాయి కూడా. గంజికి ఇక్కడ అన్నం వార్చేది లేదు గనుక, చెంచాడు బియ్యప్పిండి నీళ్ళలో ఉడికించి వడగడతాను.

ఇక కొనడం. గుడ్‌విల్ లాంటి దుకాణాలు మనవాళ్ళలో చాలామందికి బట్టలు ఇచ్చేసి వచ్చే చోట్లుగానే తెలుసు, కొనుక్కునే చోట్లుగా తెలియదు. గుడ్‌విల్ 1902లో బోస్టన్‌లో మొదలైంది. ఇచ్చిన బట్టలను పేదవాళ్ళ చేతే బాగుచేయించి, అమ్మి, వాళ్ళకు కూలి ఇవ్వడం ఆనాటి పద్ధతి. ఒకరు తొడిగి విడిచినవి మనమా అన్న సంకోచం నాకూ ఉండేది. కానీ మా ఇంట్లో అక్క పరికిణీలు వేసుకుని నేను పెరిగాను. అమ్మ పెళ్ళినాటి పట్టుచీర నా లంగాఓణీ అయింది. మన ఇళ్ళలో బట్ట ఒక ఒంటి నుంచి మరో ఒంటికి మారడం ఎప్పుడూ ఉన్నదే. ఊరు మారినంత మాత్రాన దానికి సిగ్గు ఎందుకు చేరాలి?

అక్కడ కొనేటప్పుడు నేను ముందు చూసేది లోపలి చీటీ. ఈ దేశంలో అమ్మే బట్టల్లో నూలు ఎంత, పాలిస్టర్ ఎంత అన్నది రాయాలన్న చట్టం 1960 నుంచి అమల్లో ఉంది. ఎలా ఉతకాలో చెప్పే చీటీ నియమం 1971లో వచ్చింది. బయటి కంపెనీ పేరు కన్నా ఈ రెండు చీటీలే నాకు ఎక్కువ చెబుతాయి. డ్రై క్లీన్ మాత్రమే అని ఉంటే, ఎంత చవకైనా అక్కడే వదిలేస్తాను. నాలుగు సార్లు ఇచ్చేసరికి దాని ధరకు రెండింతలవుతుంది. తరువాత చంకలు, జిప్పు, అడుగు కుట్టు చూస్తాను. భుజాలు సరిగ్గా కూర్చోవాలి. భుజం సరిచేయడం మంచి దర్జీకే కష్టం, ఖర్చు కూడా. చేతుల పొడవు, నడుము, ప్యాంటు పొడవు తేలిక.

పని అనుమతి వచ్చాక నా మొదటి ఇంటర్వ్యూకు ముదురు నీలం కోటు అలాగే దొరికింది. తొమ్మిది డాలర్లు. చేతులు తగ్గించడానికి పద్దెనిమిది. మా ఆయన "కోటు కన్నా కుట్టు కూలి ఎక్కువైందే" అన్నారు. నిజమే. కానీ ఆ పద్దెనిమిది డాలర్లు పెట్టకపోతే అది ఎవరిదో కోటులాగే ఉండేది. కొనడానికి పెట్టే డబ్బులో కొంత కుట్టుకూలికి అట్టిపెట్టుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను. మన కొలతలకు కుట్టని బట్ట ఎంత ఖరీదు పెట్టినా అరువు తెచ్చుకున్నట్టే ఉంటుంది. మణికట్టు దగ్గర అంగుళం తగ్గితే మనిషి నిలబడే తీరు మారుతుంది. నేను అద్దంలో చూసుకున్నాను గనుక చెబుతున్నాను.

చీరల విషయంలో మన దగ్గర ఉన్న తెలివి ఇంకెవరి దగ్గరా లేదు. మంగళగిరి చీర చూడండి. ఒళ్ళంతా సాదా, అంచుకు మాత్రం జరీ. ఒంట్లో బుటాలు లేకపోవడమే దాని అందం, తల్లులకు అదే ఉపయోగం. ఒంట్లో పువ్వులున్న చీర ఒక జాకెట్టుకే కట్టుబడిపోతుంది. సాదా చీరకు ఆ కట్టుబాటు లేదు. నా దగ్గర మూడు మంగళగిరి చీరలు, నాలుగు జాకెట్లు ఉన్నాయి. అంటే పన్నెండు విధాలు. ఇంట్లోనే ఉతుక్కోవచ్చు, పిల్ల ఒళ్ళో జిలేబీ పెట్టినా గుండె ఆగదు. పట్టు మెరుపు కావాలనుకున్న రోజుకు గద్వాల. ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు, ఆ రెండింటినీ మగ్గం మీదే కలుపుతారు. నిండు పట్టుచీర బరువు ఉండదు, పండుగ కళ మాత్రం ఉంటుంది.

ఒక్క మాట ఇక్కడ చెప్పాలి. పొదుపు అంటే నేతగాడి దగ్గర బేరమాడటం కాదు. అచ్చు వేసిన పోచంపల్లి నకలు మూడు కొనే డబ్బుతో మగ్గం మీద నేసినది ఒకటి వస్తుంది. హ్యాండ్‌లూమ్ మార్క్ చీటీ 2006 నుంచి ఉంది, అడిగి చూసుకోవాలి. ఒకటి కొని, ఇరవై ఏళ్ళు కట్టి, పిల్లకు ఓణీ చేస్తే లెక్క మన వైపే మొగ్గుతుంది, మగ్గానికీ అన్నం దొరుకుతుంది. పట్టుచీరలను ఆర్నెల్లకోసారి తీసి మడత మార్చాలి. ఒకే మడతలో ఉంటే జరీ అక్కడే విరుగుతుంది. నూలుగుడ్డలో చుట్టాలి. ప్లాస్టిక్ కవరు వద్దు.

ఇంతవరకూ నా బీరువా సంగతి. నిజానికి నా చేత ఈ వ్యాసం రాయించింది వేరే సంగతి.

పోయిన దసరాకు మా వీధిలోనే ఉండే ఒక చెల్లెలు బతుకమ్మకు రాలేదు. నిజామాబాద్ వైపు నుంచి కొత్తగా వచ్చిన అమ్మాయి, ఇద్దరు చిన్నపిల్లలు. జ్వరమేమోనని తలుపు కొట్టాను. "రాబుద్ధి గాలేదక్కా. నాకున్న ఒక్క మంచి చీర పోయినసారి కట్టిన. ఫొటోలల్ల అందరు చూసిన్రు గదా" అంది. పిల్లలిద్దరూ సిద్ధమై, తలలు దువ్వించుకుని, కిటికీ దగ్గర కూర్చుని ఉన్నారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బతుకమ్మ తంగేడు, గునుగు పూలతో చేసుకునే పండుగ. చేనుగట్ల మీద వాటంతటవే పూసే పూలతో. అలాంటి పండుగకు ఒక తల్లి కొత్త చీర లేదని రాలేకపోయింది. ఆ తప్పు ఆమెది కాదు. ప్రతి వేడుకకూ ఫోటోలు పెట్టి, ఎవరిది ఎక్కడ కొన్నదో అడిగి, కట్టిందే కట్టారా అన్నట్టు చూసే మన అందరిదీ. నాదీ ఉంది అందులో. ఆ ఏడాదే నేను ఆన్‌లైన్ లైవ్ అమ్మకాల్లో చూసి, అవసరం లేకుండా ఇండియా నుంచి రెండు చీరలు తెప్పించాను. 2025 ఆగస్టు చివర్లో చిన్న పార్సిళ్ళకు ఉన్న సుంకం మినహాయింపు ఎత్తేశాక ఆ సరదా ఇంకా ఖరీదైంది కూడా.

ఆ తరువాతి వారం ఆరిళ్ళవాళ్ళం మా ఇంట్లో కూర్చున్నాం. ఎవరి పట్టుచీరలు వాళ్ళు ఫోటో తీసి ఫోన్‌లో ఒకచోట పెట్టాం. కావలసినవాళ్ళు తీసుకోవచ్చు. కట్టి, గాలికి ఆరబెట్టి, మడత మార్చి ఇవ్వాలి. మరక పడితే చెప్పాలి, దాచకూడదు; శుభ్రం చేయించే ఖర్చు సగం సగం. పెళ్ళినాటి మధుపర్కాలు మాత్రం ఎవరూ బయట పెట్టలేదు, అది సరైనదే. చీర ఎవరికైనా సరిపోతుంది, చిక్కంతా జాకెట్టుతోనే. అందుకని ఒక్కొక్కరూ తమ కొలతకు నలుపు, బంగారు రంగు, కుంకుమ రంగు జాకెట్లు కుట్టించుకోవాలనుకున్నాం. ఈ మూడూ ఉంటే ఆరిళ్ళ చీరల్లో దాదాపు ఏదైనా కట్టొచ్చు.

వీటన్నిటి కన్నా పెద్ద పని ఇంకొకటి చేశాం. పెద్దవాళ్ళం ముగ్గురం, మళ్ళీ వచ్చిన కార్యక్రమానికి, పోయినసారి కట్టిన చీరలే కావాలని కట్టుకుని వెళ్ళాం. గంజి పెట్టి, అంచు తీర్చి, శుభ్రంగా. ముందు వరుసలో కూర్చున్నాం. ఎవరూ ఏమీ అనలేదు. ఆ చెల్లెలు ఈ ఉగాదికి వచ్చింది, తన చీరలోనే, మా ఎవరి చీరా అడగలేదు. జాకెట్టు మాత్రం కొత్తది, కుంకుమ రంగు.

మా అమ్మాయి పరికిణీకి మడత విప్పిన చోట ఒక గీత మిగిలింది. మూడేళ్ళు లోపల దాగిన గుడ్డ రంగు కాస్త ముదురు, బయట ఉన్నది కాస్త వెలిసింది. అమ్మకు వీడియోలో చూపించాను. "పోయేది కాదు, దాని మీద సన్న లేసు కుట్టెయ్యి. మీ అక్కదానికీ అలాగే వేశాను, నువ్వు వేసుకున్నప్పుడు నీకు తెలియలేదు గదా" అంది. పిల్లకు మామిడి చిగురు రంగు లేసు కావాలట. శనివారం మన దుకాణాలుండే ఓక్ ట్రీ రోడ్డులో వెతకాలి. ఆ చెల్లెలు తన చిన్నదాని లంగాకు కూడా రెండు గజాలు తీసుకోమంది. మడతలు ఎలా వేయాలో చూపించడానికి ఆదివారం వాళ్ళింటికి సూది, దారం పట్టుకుని వస్తానన్నాను.