చెంచు పెంటలో బడి: మన దారే వాళ్ల దారి కావాలా?



నల్లమలలో చెంచు పిల్లలకు మనమే ఒక బడి పెడదామా? విహారంలో ఎవరైనా ఈ మాట అంటే కాదనేవాళ్లు ఉండరు. చందాలు రాస్తారు. పలకలు, పుస్తకాలు, దుప్పట్లు పోగవుతాయి. మంచిదే. చదువు లేనిదే విముక్తి లేదని బాబాసాహెబ్ దగ్గర నేర్చుకున్నవాళ్లం మనం. అయితే బడికి పునాది తవ్వే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి. చదువు మనల్ని ఏ దారిలో పైకి తెచ్చిందో, అదే దారి చెంచు బిడ్డకు కూడా మేలు చేస్తుందా?

మన దారి ఏది?

మన చదువుల కథ ఎక్కువగా ఊరు విడిచిన కథ. బాబాసాహెబ్ 1924లో బహిష్కృత హితకారిణి సభ పెట్టగానే చేసిన మొదటి పనుల్లో ఒకటి, 1925లో షోలాపూర్‌లో విద్యార్థులకు హాస్టలు తెరవడం. తర్వాత 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ, 1946లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ, 1950లో ఔరంగాబాద్‌లో మిళింద్ కాలేజీ వచ్చాయి. ఔరంగాబాద్ అప్పుడు మన హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది. 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో మాట్లాడుతూ, ఊరంటే అజ్ఞానానికీ సంకుచితత్వానికీ గుహ అన్నట్టుగా ఆయన కుండబద్దలు కొట్టారు.

ఆ మాట నల్గొండ, పాలమూరు వాడల్లో పుట్టిన మనకు వివరించక్కర్లేదు. ఊరంటే మనకు వెట్టి, వేరే గ్లాసు, దొర గడి ముందు చెప్పులు చేతపట్టుకుని నడవడం. హాస్టల్లో కడుపుకు అన్నం, చదువుకోను దీపం, తలెత్తి నడిచే జాగా దొరికినయి. బాధపెట్టే చోటు నుంచి బయటపడటమే మనకు విముక్తి అయింది. అందుకే ఎవరికి చదువు చెప్పాలన్నా మనకు ముందు హాస్టలే గుర్తొస్తది.

చెంచు బిడ్డ ఇల్లు

పాత మహబూబ్‌నగర్ జిల్లాలో, ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లాలో, మన్ననూరు దాటి లోపలికి పోతే అప్పాపూర్, రాంపూర్, మేడిమల్కల్, పుల్లాయిపల్లి వంటి పెంటలు ఉన్నాయి. చుట్టూ అమ్రాబాద్ పులుల అభయారణ్యం. ప్రభుత్వం చెంచులను ప్రత్యేకంగా కాపాడుకోవలసిన ఆదిమ తెగగా గుర్తించింది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వాళ్లు 64 వేల పైచిలుకు.

చెంచులు తమ గూడేన్ని 'పెంట' అంటారు. మైదానంలో పెంట అంటే చెత్తకుప్ప. ఆరేళ్ల పిల్ల కింద ఊళ్లో బడికి వచ్చి "మాది ఫలానా పెంట" అంటే తరగతి గదిలో నవ్వు పుడుతది. అ ఆలు నేర్వకముందే ఆ పిల్ల తన ఊరి పేరుకు సిగ్గుపడటం నేర్చుకుంటది. ఇది చిన్న సంగతి కాదు. మన వాడ పేరు చెప్పినప్పుడు ఎదుటివాళ్ల ముఖం మారడం మనం చూసినవాళ్లమే గదా.

కానీ ఒక తేడా ఉంది. మనకు ఊరే బాధ. చెంచులకు బాధ ఎక్కువగా బయటి నుంచి వచ్చింది: తూకంలో మోసం చేసే షావుకారి, అడవిలో కట్టెపుల్ల ముట్టనివ్వని ఆంక్ష, దవాఖానా లేని జ్వరం, కరువు. పెంట లోపల మనిషికి మనిషి ఆసరా. కొండ చరియ మీద తేనెపట్టు కొట్టడానికి తాడు పట్టుకుని దిగేటప్పుడు పైన ఆ తాడు పట్టేది బామ్మర్ది అని చెంచులు చెబుతారు. అక్కచెల్లెలి బతుకు ఆ చేతిలో ఉంది కాబట్టి వాడు తాడు వదలడు. ఇంత నమ్మకం ఉన్న చోటు నుంచి ఆరేళ్ల బిడ్డను తీసుకుపోయి, వంద మంది మధ్య ఇనుప పెట్టె పక్కన పడుకోబెడితే, మనం వాడిని బాధ నుంచి తప్పించినట్టా? వాడికున్న ఒక్క ఆసరా నుంచి తప్పించినట్టా?

ఆ పిల్లవాడు నాలుగు రోజులకు కొండెక్కి ఇంటికి పోతే "పారిపోయిండు" అంటాం. ఆ మాటతో తప్పు వాడిదైపోతది. ఇంటికి పోయిండు, అంతే.

మంచి ఉద్దేశం చాలదు

కెనడాలో వందేళ్లకు పైగా 1,50,000 మందికి మించిన ఆదివాసీ పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరు చేసి వసతి బడుల్లో పెట్టారు. ఇంటి భాష మాట్లాడితే దండించారు. వేల మంది ఆ బడుల్లోనే చనిపోయారు. 2008 జూన్ 11న ఆ దేశ ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. 2015లో సత్యశోధన కమిషన్ దాన్ని సాంస్కృతిక జాతిహననం అన్నది. మన ఆశ్రమ పాఠశాలలను వాటితో సమానం చేయడం అన్యాయం. మన దగ్గర పిల్లలు సెలవులకు ఇంటికి వస్తారు, గురుకులాల్లో చదివి గిరిజన బిడ్డలు ఎవరెస్టు కూడా ఎక్కారు. కానీ ఒక సంగతి మనల్ని భయపెట్టాలి. కెనడా బడులు నడిపినవాళ్లలో చాలామంది తాము మేలు చేస్తున్నామనే నమ్మారు.

పంచశీలలో రెండోది, ఇవ్వనిది తీసుకోకపోవడం. దాన్ని మనం దొంగతనం వరకే చూస్తాం. బిడ్డ నోటి నుంచి వాడి యాసను తీసుకోవడం, తండ్రి పట్ల వాడికున్న గౌరవాన్ని తీసుకోవడం, తల్లి పక్కన పడుకునే రాత్రులను తీసుకోవడం, ఇవి ఎవరిచ్చారని తీసుకుంటున్నాం? బదులుగా అక్షరాలిచ్చాం అంటే సరిపోదు. ఇచ్చిన దానితో తీసుకున్నది కొట్టుపోదు.

బుద్ధుడు గురువుగా ఏం చేశాడు?

బ్రాహ్మణ కులంలో పుట్టిన ఇద్దరు భిక్షువులు ఒకసారి బుద్ధుని దగ్గరికి వచ్చి, రకరకాల జనం తమ తమ మాటల్లో మీ బోధను పాడుచేస్తున్నారు, దాన్ని ఛందస్సులో పెడతామన్నారు. బుద్ధుడు ఒప్పుకోలేదు. ఎవరి భాషలో వాళ్లు నేర్చుకోవచ్చన్నాడు. వినయ పిటకంలో ఉన్న ఈ ముచ్చట ప్రతి బడి గోడ మీదా ఉండదగినది.

చూళపంథకుడు నాలుగు నెలలైనా ఒక్క గాథ కంఠస్థం చేయలేకపోయాడు. నీకు చదువు రాదు పొమ్మన్నాడు సొంత అన్న. బుద్ధుడు అతని చేతికి తెల్లటి గుడ్డ ఇచ్చి రుద్దుతూ ఉండమన్నాడు. గుడ్డ మాసింది, దాన్ని చూస్తూ అతను అనిత్యాన్ని గ్రహించాడు. బట్టీ రానివాడు మందమతి కాదు, వాడికి తగిన పాఠం ఇంకా దొరకలేదంతే.

ఆళవిలో తప్పిపోయిన ఎద్దును వెతికి అలసి వచ్చిన రైతుకు ముందు అన్నం పెట్టించి, ఆ తర్వాతే బుద్ధుడు ధమ్మం చెప్పాడు. భాష, పద్ధతి, అన్నం. ఈ మూడూ లేని చోట బడి ఉన్నా చదువు ఉండదు.

మన నేల మీదే జరిగింది

ఇది కొత్త ఊహ కూడా కాదు. 1940లో కొమురం భీం అమరుడైన తర్వాత నిజాం ప్రభుత్వం ఆదివాసుల స్థితి తెలుసుకోవడానికి హైమన్‌డార్ఫ్‌ను గోండుల దగ్గరికి పంపింది. ఆయన అదే ఏడు అమ్రాబాద్ చెంచుల మధ్య కూడా ఉండి, వాళ్ల మీద 1943లో పుస్తకం వేశారు. ఆ 1943లోనే ఆదిలాబాద్ కొండల్లోని మార్లవాయిలో గోండు యువకులకే పంతులు శిక్షణ ఇచ్చే కేంద్రం మొదలైంది. గోండి భాషలో వాచకాలు తయారుచేశారు. అంటే ఎనభై ఏళ్ల కిందటే తెలంగాణలో ఆదివాసీ బిడ్డకు ఆదివాసీ పంతులు, సొంత భాషలో పాఠం చెప్పాడు. తర్వాతి ప్రభుత్వాలు దాన్ని నిలబెట్టుకోలేదు.

మన పెద్దల్లో భాగ్యరెడ్డి వర్మ 1910లో హైదరాబాద్ ఇసామియా బజార్‌లో, లింగంపల్లిలో ఆది హిందూ పిల్లలకు బడులు తెరిచారు. రాజ్యం ఉర్దూలో నడుస్తున్న రోజుల్లో ఆయన తెలుగులో చదువు చెప్పించారు. బస్తీ దగ్గరికే బడిని తెచ్చారు. బుద్ధ జయంతి జరిపిన మనిషి కూడా ఆయనే.

ఒక గట్టి ప్రశ్న

"అయితే వాళ్లను అడవిలోనే ఉంచమంటారా? మన పిల్లలకు ఇంగ్లీషు, వాళ్లకు తేనెపట్టా?" అని మనోళ్లు అడుగుతారు. అడగాలి కూడా. ఎవడి జాగాలో వాడు ఉండాలని చెప్పి వేల ఏళ్లు మనల్ని తొక్కింది మనుధర్మం. 'మీ సంస్కృతి గొప్పది, అక్కడే ఉండండి' అనే తీపి మాట కూడా అదే గొలుసు కావచ్చు.

కాబట్టి కొలత ఇదీ: ఆ బడిలో చదివిన బిడ్డ బయటికి పోగలగాలి, పోయాక తలెత్తుకుని తిరిగి రాగలగాలి. ఈ రెండిట్లో ఏది లోపించినా ఆ చదువు సగమే. ఇంగ్లీషు కావాలి. పదో తరగతి సర్టిఫికెట్ కావాలి. ఐదో తరగతి దాటాక గురుకులానికి పోవాలనుకుంటే పోవాలి. అప్పటికి ఆ పిల్ల తన మాటలో చదవడం, రాయడం నేర్చి, ఎవరు నవ్వినా కుంగిపోని గుండెతో పోతుంది. చిన్నప్పుడే పీకి నాటితే మొక్క బతకడం కష్టం. వేరు పట్టాక ఎక్కడ నాటినా నిలుస్తది.

చేయవలసినవి

పంతులు చెంచు బిడ్డ కావాలి. ఇంటర్ చదివి ఖాళీగా ఉన్న చెంచు యువతీ యువకులను వెతికి శిక్షణ ఇప్పిద్దాం, సరైన జీతం ఇద్దాం. సేవ పేరుతో వాళ్ల శ్రమను చవకగా కొనడం మనకు తగదు.

సెలవులు అడవిని చూసి పెట్టాలి. ఇప్పపూవు రాలే రోజుల్లో, సలేశ్వరం జాతరప్పుడు పెంట పెంటంతా కదులుతుంది. అప్పుడు హాజరు పట్టీ పట్టుకుని కూర్చుంటే దండగ. లెక్కలు తపసి బంక తూకంతో, గిరిజన సహకార సంస్థ ఇచ్చే ధరతో మొదలుకావాలి. తూకం చదవడం వచ్చిన పిల్ల ఇంట్లో ఉంటే తండ్రిని ఎవరూ మోసం చేయలేరు. పై తరగతుల్లో 2006 అటవీ హక్కుల చట్టం కూడా పాఠం కావాలి.

సర్కారును వదిలిపెట్టొద్దు. విద్యా హక్కు చట్టం 2009లో వచ్చింది. వీలైనంత వరకు మాతృభాషలో బోధించాలని అందులోనే ఉంది. మన్ననూరు ఐటీడీఏతో మాట్లాడి, అటవీశాఖ అనుమతి తీసుకుని, గుర్తింపు ఉన్న బడిగానే నడపాలి. మన బడి ఉంది కదా అని ప్రభుత్వం తన బాధ్యత దులుపుకుంటే పిల్లలకు నష్టం.

చివరిది అన్నిటికంటే కష్టమైనది. ఆ బడిలో మనం ఎవరినీ బౌద్ధులను చేయొద్దు. 22 ప్రతిజ్ఞలు మనం తెలిసి, ఎంచుకుని తీసుకున్నవి. ఏడేళ్ల బిడ్డ చేత అనిపిస్తే అది ధమ్మం కాదు, బట్టీ. లింగమయ్యకు మొక్కే పిల్లను చిన్నచూపు చూడొద్దు. విల్లు పట్టిన తండ్రిని పాపి అనొద్దు. ఆకలికి వేటాడినవాడి ముందు మన అహింస గొప్ప చెప్పుకుంటే అది శీలం కాదు, అహంకారం. వచ్చి చూడమనేదే ధమ్మం. మన నడత చూసి పెద్దయ్యాక వాళ్లే అడిగితే అప్పుడు చెబుదాం.

కరుణ ఒక్కటే చాలదు, మైత్రి కావాలని బాబాసాహెబ్ రాశారు. కరుణ ఒక్కటే ఉంటే ఇచ్చేవాడు పైన, పుచ్చుకునేవాడు కింద మిగిలిపోయే ప్రమాదం ఉంది. మైత్రిలో పక్కపక్కన కూర్చుంటారు. ఈ నల్లమల అంచుల్లోనే, కృష్ణ ఒడ్డున నాగార్జునకొండ విజయపురిలో, ఇక్ష్వాకుల కాలంలో సింహళ విహారం ఉండేది. దూరదేశాల భిక్షువులు తమ తమ భాషలతో వచ్చి పక్కపక్కన కూర్చుని చదువుకున్నారు. ఆ వారసత్వం మనదని చెప్పుకుంటాం.

అందుకే చందా పుస్తకం తెరిచే ముందు పది మందిమి పెంటకు పోదాం. పెద్దమనుషులతో, తల్లులతో కూర్చుందాం. మీ పిల్లలకు ఏం కావాలి, ఎట్లాంటి బడి కావాలి అని అడిగి విందాం. ఒకవేళ వాళ్లు మీ బడి మాకొద్దు, ఉన్న సర్కారు బడికి పంతులు రోజూ వచ్చేటట్టు చూడండి చాలు అంటే, ఆ పనే చేద్దాం. పేరు మనది కాకపోయినా సరే.

నమో బుద్ధాయ. జై భీమ్.