విశ్వాసం ఎవరి సొమ్ము?

"కుక్కకున్నపాటి విశ్వాసం లేదురా నీకు!"

ఈ మాట మొదటిసారి విన్నప్పుడు నాకు తొమ్మిదేళ్లు. అన్నది ఆసామి. పడ్డది మా అయ్య. పదకొండేళ్లు ఆ ఇంట్లో పాలేరుతనం చేసిన మనిషి. మా అమ్మ చలిజొరంతో మంచాన పడితే నాలుగు రోజులు పనికి పోలేదు. అయిదో రోజు పొద్దున్నే గొడ్లసావిడి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయన వెనక నేను. "మీ తాతల కాణ్ణించీ మా ఉప్పు తిని బతికినోళ్లు గదరా" అన్నాడు ఆసామి. మా అయ్య కిక్కురుమనలేదు.

మేం తిన్న ఉప్పుకి వాళ్ల దగ్గర లెక్కుంది. మా అయ్య దున్నిన చాళ్లకీ, ఎత్తిన పేడకీ, కాపలా కాసిన రాత్రులకీ లెక్క ఎవరి దగ్గరుంది? ఈ ప్రశ్న అడగటానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఆ రోజుకి మాత్రం రెండిటి మీద కసి పుట్టింది. ఒకటి విశ్వాసమనే మాట. రెండోది కుక్క.

మా మాదిగపల్లెలో ఒక కుక్క ఉండేది. ఎర్రోడు అని పిలిచేవాళ్లం. ఎవరిదీ కాదు, అందరిదీ. ఆ సాయంత్రం అది తోకాడించుకుంటా నా దగ్గరికొస్తే రాయి తీసి కొట్టాను. కుయ్యోమని పారిపోయింది. రాత్రి మళ్లీ వచ్చి మా గుడిసె గడప దగ్గర ముడుచుకుని పడుకుంది. అమ్మ ఆ నీరసంలోనే లేచి, తన గిన్నెలోంచి జొన్నసంకటి ముద్ద తీసి దానికి పెట్టింది.

"మనకే లేదు గదే" అన్నాడు అయ్య.

"అది మాత్రం మన ఇంటిది కాదా?" అంది అమ్మ.

ముద్ద పెట్టలేని రాత్రులు మా ఇంట్లో చాలా ఉండేవి. ఆ రాత్రులు కూడా ఎర్రోడు అక్కడే పడుకునేవాడు. నేను దీన్ని రోజూ చూశాను, కానీ అర్థం చేసుకోలేదు.

తర్వాత హాస్టల్లో చేరాను. అన్నంలో పురుగులొస్తున్నాయని అడిగితే "గవర్నమెంటు సొమ్ము తింటా విశ్వాసం లేదు" అన్నాడు వార్డెను. ఉద్యోగమొచ్చాక ఆఫీసులో అదే మాట ఇంకా మర్యాదగా వినిపించింది. ఎక్కడికి పోయినా మేం ఎవరికో ఒకరికి రుణపడి ఉండాలి. కృతజ్ఞత మా చేత పుట్టించేది కాదు, మా దగ్గర వసూలు చేసేది.

ఈ వసూలు ఈనాటిది కాదు. ఏకలవ్యుడి బొటనవేలు అందరికీ గుర్తుంది గానీ ఆ కథలో ఒక కుక్క కూడా ఉంది. పాండవుల కుక్క ఏకలవ్యుణ్ణి చూసి మొరిగింది. అతను బాణాలతో దాని నోరు కట్టేశాడు. ఆ విద్య చూసి అర్జునుడికి కన్ను కుట్టింది. ద్రోణుడొచ్చి గురుదక్షిణ అడిగాడు. ఒక్క పాఠం చెప్పని గురువుకి దక్షిణ! అడిగి కోయించుకున్నదాన్ని కృతజ్ఞత అంటారా? నేను దోపిడీ అంటాను.

కుక్కనీ వదల్లేదు వీళ్లు. చండాలుడికి కుక్కలూ గాడిదలే ధనమని మనుధర్మశాస్త్రం పదో అధ్యాయంలో రాసిపెట్టారు. 2010లో మధ్యప్రదేశ్‌లోని మొరేనా జిల్లాలో ఒక దళిత స్త్రీ రొట్టె పెట్టిందని, తన కుక్క మైలపడిందన్నాడు పెద్దకులం యజమాని. పంచాయతీ ఆమెకి 15,000 రూపాయల జరిమానా వేసిందని పత్రికలు రాశాయి. మైల కనిపించింది మనుషులకే. కుక్కకి కనిపించింది రొట్టే, పెట్టిన చెయ్యీ.

1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. తాగే నీళ్ల చెరువు దగ్గర గేదెల కుడితి బకెట్లు కడగొద్దన్నందుకు మొదలైన గొడవ అది. అప్పుడు నేను విద్యార్థిని. చీరాల శిబిరానికి పోయి, వారం తర్వాత మా పల్లెకొచ్చాను. దిగేసరికి వాన. ఎర్రోడు ఎప్పుడో పోయాడు. వాడి సంతతే అయ్యుంటాయి, మూడు పిల్లలు చూరు కింద నించి పడే ధారని కరవబోతా, తుమ్ముతా, ఒకదాని మీద ఒకటి దొర్లుతున్నాయి. నేను పకపకా నవ్వాను. మరుక్షణం నా మీద నాకే అసహ్యమేసింది. నాతో వచ్చిన స్నేహితుడు "శవాలు లేచిన వారంలో నీకు నవ్వెట్టా వస్తందిరా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

అమ్మ లోపల్నించి విని బయటికొచ్చింది. "ఎందుకు నవ్వగూడదయ్యా? పొలాలు ఆళ్లయే, చెరువులు ఆళ్లయే. నవ్వు గూడా ఆళ్లకే ఇచ్చేస్తారా?"

మిత్రులారా, ఉద్యమంలో ఉన్న పిల్లలు ఇప్పటికీ నన్ను ఇదే అడుగుతున్నారు. ఇంత అన్యాయం నడుస్తుంటే వేపపూత చూసి సంతోషించటం తప్పు కాదా అని. నిజమే, సంతోషం పేరుతో కళ్లు మూసుకునేవాళ్లున్నారు. ఉన్నదానికి తృప్తిపడమని మాకు నీతులు చెప్పినవాళ్లూ ఉన్నారు. ఆ తృప్తి మాకొద్దు. కానీ కోపం ఒక్కదాన్నే తిని మనిషి బతకలేడు. బతకలేనివాడు పోరాడనూ లేడు. మా అమ్మ నవ్విన రోజు కూలి తక్కువిస్తే ఊరుకుందా? లేదు. కొంగు బిగించి అడిగింది.

ఎర్రోణ్ణి ఇప్పుడు అర్థం చేసుకున్నాను. వాడు మా గడప దగ్గర పడుకుంది ముద్దకి బదులు తీర్చటానికి కాదు. మేమంటే వాడికి ఇష్టం, అంతే. ఆసామి మా అయ్యనే కాదు, కుక్కని కూడా అవమానించాడు. దాని ప్రేమని పాలేరుతనం అనుకున్నాడు.

అందుకే ఆ మాటని తిరిగి తెచ్చుకున్నాను. జొరంలో ముద్ద పెట్టిన అమ్మకి, కారంచేడు చెరువు కాడ బిందె ఎత్తిన మున్నంగి సువార్తకి, 1927లో మహద్ చెరువు నీళ్లు దోసిట పట్టిన అంబేద్కర్‌కి, వానకి, వేపచెట్టుకి నేను కృతజ్ఞుణ్ణి. వీళ్లెవరూ నన్ను అడగలేదు. అడగలేదు గనకే ఇస్తున్నాను.

పొద్దున టీ బంకు దగ్గర ఒక నల్లకుక్క నా కోసం కాచుకుని ఉంటుంది. బిస్కెట్టు ఉన్నా లేకపోయినా కాళ్లకి చుట్టుకుంటుంది. దాని తల నిమురుతుంటే ఎర్రోడు గుర్తొస్తాడు. ఆనాడు ఆ రాయి తగలాల్సింది వాడికి కాదు.