మంచులో దుర్గం కొండ

ఈశాన్య రుతుపవనాల వానలు వెనకబట్టాక నెల్లూరు జిల్లా పడమటి భాగంలో తెల్లవారుజామున మంచు కమ్ముతుంది. మబ్బులేని రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది. దాన్ని ఆనుకున్న తేమగాలి సన్నటి నీటిబిందువులుగా మారుతుంది. ఆత్మకూరు దిక్కున ఆ తేమకు కొదవ లేదు: పెన్నా, 78 టీఎంసీల సోమశిల జలాశయం, చెరువులు, నీళ్లు నిలిచిన వరిమళ్లు. ఇంకా పడమటికి, ఉదయగిరిలో, మంచు పైన తేలేది దుర్గం కొండ. ఎత్తు 3,079 అడుగులు. చరియలు నిలువునా తెగినట్టుంటాయి. నీటిరంగులు పట్టుకుని బృందంగా కూర్చోవడానికి ఇంతకంటే కష్టమైన చోటు, ఇంతకంటే మంచి చోటు ఈ ప్రాంతంలో లేదు.

నీటిరంగుల్లో మంచుకంటూ ఒక రంగు లేదు. నీటిబిందువులు కాంతిలోని రంగులన్నింటినీ దాదాపు ఒకేలా చెదరగొడతాయి కాబట్టి మంచు తెల్లగా కనిపిస్తుంది. చిత్రంలో ఆ తెలుపు కాగితానిదే. తైలవర్ణ చిత్రకారుడు తెలుపును చివర్లో పూయగలడు. నీటిరంగుల్లో దాన్ని మొదటే వదిలిపెట్టాలి. మందపాటి నూలు కాగితాన్ని తడిపి, ఆ తడి మీదే అల్ట్రామెరైన్, బర్న్ట్ సియెన్నా కలిపిన పలచని బూడిదరంగును శిఖరం దగ్గర అద్ది, కిందికి వచ్చేకొద్దీ ఉత్త నీళ్లతో కరిగించాలి. తడి ఎక్కువైతే కొండ కారిపోతుంది, తక్కువైతే అట్టముక్కలా గట్టిపడుతుంది. పైగా ఆ వేళ గాలిలోనే తేమ ఉంటుంది కనుక కాగితం ఆరనే ఆరదు. తొందర ఉన్నవాడి చేతికి ఈ పని లొంగదు.

చెయ్యి కుదిరినా మనసు అడ్డం వస్తుంది. 1514లో కృష్ణదేవరాయలు నెలల తరబడి ముట్టడించి గజపతుల నుంచి గెలుచుకున్న కోట ఆ కొండ మీద ఉందని అందరికీ తెలుసు. తెలిసింది గనుక, కనిపించకపోయినా గోడ గీయాలనిపిస్తుంది. తెలిసినదాన్ని పక్కనపెట్టి కనబడినంత మేరకే ఒప్పుకోవడం మంచు నేర్పే అసలు విద్య. ఒంటరిగా గీసేవాడు తాను వదిలేసినదంతా మంచు దాచిందే అనుకుంటాడు. నలుగురు ఒకే గట్టు మీద కూర్చుంటే ఆ భ్రమ నిలవదు. ఒకరు శిఖరరేఖను ఉంచుతారు, ఒకరు దగ్గరి తాటిచెట్టును మాత్రమే, మరొకరు కొండనే తీసేస్తారు. మంచు ఒకటే, వదిలినవి వేరు. చూడడంలో ఎంపిక ఎంత ఉందో అప్పుడే బయటపడుతుంది.

గురువు వెంట గుంపుగా ప్రకృతిని చూసి గీయడం తెలుగువాళ్లకు కొత్త కాదు. రాజమండ్రి ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే చుట్టూ దామెర్ల రామారావు, అడివి బాపిరాజు వంటి యువకులు అలాగే పెరిగారు. 28 ఏళ్లైనా నిండకుండా 1925లో పోయిన దామెర్ల, గోదావరి సీమను నీటిరంగుల్లో నిలిపాడు. మరో దారి బందరు ఆంధ్ర జాతీయ కళాశాలది. 1903లో కలకత్తా వచ్చిన జపాను చిత్రకారులు యొకొయామా తైకాన్, హిషిదా షున్సోల నుంచి అవనీంద్రనాథ్ ఠాగూర్ అందుకున్న వాష్ పద్ధతి, ప్రమోద్ కుమార్ ఛటర్జీ ద్వారా అక్కడికి చేరింది. రంగు వేసి ఆరనిచ్చి, కాగితాన్ని మళ్లీ నీటిలో ముంచే ఆ పద్ధతిలో చిత్రమంతటికీ ఒకే మసక వస్తుంది. అది భావానికి సరిపోతుంది, కొండకు చాలదు. ఉదయగిరి మంచు అంతటా ఒకేలా ఉండదు. పల్లంలో చిక్కగా, చరియ మీద పలచగా ఉంటుంది. ఆ తేడా ఎదురుగా కూర్చున్న కంటికే దొరుకుతుంది.

బృందానికి ఒక ప్రమాదమూ ఉంది. చెయ్యి తిరిగినవాడి బూడిదరంగు మధ్యాహ్నానికల్లా అందరి కాగితాల మీదికీ పాకుతుంది. అందుకే గీస్తున్నంతసేపూ పక్కవారి కాగితం చూడకపోవడం, ఎండ ఎక్కాక అన్నింటినీ నేల మీద పరిచి చూసుకోవడం మేలు. నెల్లూరు, ఆత్మకూరు, ఉదయగిరి బడుల డ్రాయింగ్ మాస్టార్లు ఈ చలికాలంలో ఒక్క ఉదయమైనా పిల్లలను దుర్గం కిందికి తీసుకువెళ్లాలి.